ద్రుత్ నదిలో మిగిలిన నలుగురు

మధ్యాహ్నం పన్నెండైనా పొగమంచుకి ద్రుత్ నది అవతలి ఒడ్డు కనపడలేదు. పొద్దున్నుంచీ మా జర్మన్ డివిజన్ చెక్క వంతెన మీదుగా వెనక్కి పోతోంది. మేం ఐదుగురం మాత్రం మెషీన్‌గన్‌తో ఇవతలే ఉండి రష్యన్లని ఆపాలి. ఆకుపచ్చ సిగ్నల్ రాకెట్ వెలగ్గానే వచ్చేయండి, మీరు దాటాకే వంతెన పేలుస్తామని సార్జెంట్ ఎవాల్డ్ మాటిచ్చాడు. ఆయన పరాయివాడు కాదు, మా అక్క గెర్లిండ్ మొగుడు.

వెళ్ళేముందు బావ మా మెడలో బిళ్ళలు అడిగాడు. మాలో ప్రతివాడికీ నంబరున్న రేకు బిళ్ళ ఉంటుంది. మనిషి పోతే దాన్ని మధ్యకి విరిచి, సగం శవం మీద వదిలి, సగం ఆఫీసుకి పంపుతారు.

"కొత్తవి వస్తున్నాయి బామ్మర్దీ. పాతవాటిలో సగం ఇవ్వాలట," అన్నాడు.

మాలో నోటిదురుసు ఎక్కువ కోర్బినియన్‌కి. బతికుండగానే పాడె కడుతున్నారేంటి సార్ అని నవ్వాడు, ఇవ్వనన్నాడు. నేనే ముందు విరిచి ఇచ్చాను. సొంత బావ కదా మరి. నన్ను చూసి మిగతావాళ్ళూ ఇచ్చారు.

రెండు గంటలు కాచాం. మేం కాచుకున్నది మేమే తగలబెట్టిన ఊళ్ళో. తడిసిన బూడిద కంపు ముక్కులోంచి పోదు. రాకెట్ వెలగలేదు. వెనకాల ఒక్కసారిగా నేల అదిరింది. మేం ఇవతల ఉండగానే వంతెన పేల్చేశారు.

రష్యన్లు మీద పడ్డారు. నీళ్ళలోకి దూకాం. నలుగురూ నా కళ్ళముందే పోయారు. కోర్బినియన్ చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. ఒక దుంగ దొరికి నేనొక్కణ్ణే అవతలి ఒడ్డెక్కాను.

బావ వంటబండి పక్కన బఠాణీ పులుసు తాగుతున్నాడు. ఒళ్ళో కాగితం. చనిపోయినవాళ్ళ కింద మా ఐదుగురి పేర్లు. టైము మధ్యాహ్నం పన్నెండు. అప్పుడు మేం బిళ్ళలు ఇస్తున్నాం.

"ఎందుకు చేశావ్ బావా?"

బావ నా భుజం వెనక్కి చూస్తున్నాడు. చెంచా గాల్లోనే ఆగిపోయింది.

"వాళ్ళని... ఎందుకు తీసుకొచ్చావ్?"

తిరిగి చూశాను. పొగమంచే. ఎవరూ లేరు. కానీ నీళ్ళు కారుతున్న చప్పుడు. టప్... టప్... నాలుగు చోట్ల.

చెవి పక్కన చల్లగా కోర్బినియన్ గొంతు. "ఇంటికి పోవాలనుందిరా. ఈయన తీసుకెళ్తాడా?"

బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దని చెప్పరా... నీ మాట వింటారు."

ఒక్క మాట చెప్తే సరిపోయేది. కానీ నా కళ్ళకి ఆ కాగితం మీద మా ఐదుగురి పేర్లే కనపడుతున్నాయి.

"నువ్వే మీ ఇంటికి తీసుకెళ్ళు బావా," అన్నాను.

గిన్నె కింద పెట్టి లేచాడు. ఎవరో ఇటూ అటూ పట్టుకున్నట్టు భుజాలు ముడుచుకుని పొగమంచులోకి నడిచాడు. మళ్ళీ ఎవరికీ కనపడలేదు.

మూడు వారాలకి అక్క ఉత్తరం వచ్చింది. వందల మైళ్ళ దూరంలో, జర్మనీలో ఇంటి నుంచి, బావ మాయమైన మర్నాడు రాసింది.

"తమ్ముడూ, మీ బావ నలుగురు స్నేహితుల్ని వెంటేసుకొచ్చారు. వాళ్ళు తినరు, బూట్లు విప్పరు. ఎంత తుడిచినా నేల ఆరడం లేదు. వాళ్ళని వెళ్ళమంటే, ఇంకొకడు రావాలి అంటున్నారు. భయంగా ఉందిరా. నువ్వు మాత్రం ఇటు రాకు."

దాని కింద ఇంకో వరుస ఉంది. అది అక్క చేతిరాత కాదు. సిరా ఇప్పటికీ తడిగానే ఉంది.

"ఎప్పుడొస్తావ్?"