ఏ ఏమండీ?

అత్తయ్య మందుల సంచి భుజాన తగిలించుకుని, విమానాశ్రయంలో అతను తప్పు వరసలోకి నడిచిపోతున్నాడు. ఆమెకు కనిపిస్తూనే ఉంది. ఒక్క కేక వేస్తే సరిపోయేది. కేక వెయ్యాలంటే ముందు ఏదో ఒక పిలుపు ఉండాలి కదా. అది లేక ఆమె పరుగెత్తింది.

జనాన్ని తప్పించుకుంటూ వెళ్లి సంచి పట్టుకుని లాగితే, అతను ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

"దొంగేమో అనుకున్నాను. పిలిస్తే ఆగేవాణ్ణి కదండీ."

"మన లైను అటు," అంది ఆమె, సంచితో చెబుతున్నట్టు.

అతను వాళ్లకు పరిచయమై అప్పటికి అరగంట కూడా కాలేదు. మంచు కొండలున్న ఆ దూరదేశానికి అసలు రావాల్సింది బాబాయి. కొండలెక్కడానికి సాధన అంటూ ఇంటి మెట్లు గబగబా ఎక్కి, అంతకంటే గబగబా దిగి, కాలు విరగ్గొట్టుకున్నాడు. ఖాళీ అయిన చోటికి అన్నయ్య తన స్నేహితుణ్ణి తీసుకొచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మెట్లు ఖాళీ చేసిన చోటికి లిఫ్టు వచ్చిందని అత్తయ్య నవ్వి నవ్వి, అప్పటికప్పుడు అతనికి 'లిఫ్టు' అని పేరు పెట్టేసింది.

నాన్న 'బాబూ' అన్నాడు. అమ్మ 'నాయనా' అంది. అని, కూతురి వైపు తిరిగి, "అన్నయ్య స్నేహితుడు. నీకూ అన్నయ్యే అనుకో," అంది.

ఆమె తల ఊపింది. మాట మాత్రం పైకి రాలేదు. ఎవరికీ వింతగా తోచలేదు. కళ్లజోళ్ల షాపు వెనక గదిలో అద్దాలు అరగదీసే పని ఆమెది. పొద్దంతా యంత్రం మాట్లాడుతుంది, ఆమె వింటుంది. ఇంట్లో కూడా 'మూగనోము' అనే పిలుస్తారు. అలాంటి పిల్ల ఒక అన్నయ్యను తక్కువ పిలిచిందని ఎవరు లెక్కపెడతారు?

ఈ ప్రయాణం నాన్న కోరిక. బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ ఊరి బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పడం ఆయన ఉద్యోగం. రిటైరైన రోజు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, ఇన్నేళ్లూ ఊరందరినీ పంపించాను, ఇక నేను బయల్దేరతాను అన్నాడు. అదీ అలాంటి ఇలాంటి చోటికి కాదు. నదిలో రబ్బరు పడవ, తాళ్ల వంతెన, చివర్లో కొండ అంచు వెంట నడక. అమ్మ కళ్లు మూసుకుని పడవెక్కి కళ్లు మూసుకునే దిగింది. ఈత రాని అత్తయ్య నీళ్లు మొహాన కొట్టినప్పుడల్లా ఇంకొంచెం గట్టిగా నవ్వింది.

మూగనోము అన్నీ చూసింది. అన్నిటికంటే ఎక్కువగా అతన్ని చూసింది.

బస చేసిన ఇంట్లో మెట్లు చెక్కవి, నిటారుగా ఉండేవి. అత్తయ్య పైకెక్కేటప్పుడు అతను ఆమెకు ఒక మెట్టు వెనక ఉండేవాడు. దిగేటప్పుడు ఒక మెట్టు ముందు. ఎప్పుడూ చెయ్యి పట్టుకోలేదు. జాగ్రత్త అని కూడా అనలేదు. ఏదో ఫోన్ చూసుకుంటున్నట్టు, తన పనేదో తనదన్నట్టు నడిచేవాడు. అత్తయ్యకు ఆ సంగతే తెలీదు. పైగా, ఏం లిఫ్టయ్యా నువ్వు, మమ్మల్నిలా నడిపిస్తున్నావు అని వేళాకోళమాడేది. పవరు లేదండీ అనేవాడు.

మొదటి రోజు అయితే 'అన్నయ్యా' అని అనగలిగేదేమో. ఆ మెట్లు చూశాక అనలేకపోయింది. ఆ మాట ఒకసారి నోరు దాటితే మళ్లీ లోపలికి తీసుకోవడం కుదరదు. పేరు పెట్టి పిలిచి 'గారు' తగిలిద్దామంటే షాపులో కళ్లజోడు అప్పగిస్తున్నట్టు ఉంటుంది. అందుకని ఎవరినీ పిలవకుండానే మాట్లాడడం నేర్చుకుంది. "ఉప్పు కావాలట." "వ్యాను వచ్చిందట." అతనికి చెప్పాల్సినవన్నీ గోడకో, ప్లేటుకో చెప్పేది.

కొండ నడకకు ముందు రోజు సాయంత్రం వాన. తడిసిన మేజోళ్లు హీటరు మీద ఆరేస్తుంటే అతను వచ్చాడు. తనవీ రెండు చివర్న ఆరేశాడు.

"నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా?"

లేదన్నట్టు తల ఊపింది.

"మీ నాన్నగారు బాబూ అంటారు. అమ్మగారు నాయనా అంటారు. అత్తయ్యగారి సంగతి సరే. మీరు మాత్రం నేనిక్కడ లేనట్టే మాట్లాడతారు. ఇది మీ కుటుంబం ట్రిప్పు. మధ్యలో వచ్చి పడ్డాను. మీకు ఇబ్బందిగా ఉందని నాకు అర్థమైంది."

అలా కాదు అనాలి. అలా కాకపోతే ఎలా అని అడుగుతాడు. దానికి జవాబు చెప్పాలి. ఆమె ఒక మేజోడును తిరగేసి, మళ్లీ సరిచేసి పెట్టింది.

"రేపు కొండ దిగాక అక్కడి నుంచే బస్సెక్కుతాను. పని పడిందని నాన్నగారికి చెప్పేశాను," అన్నాడు అతను. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

మర్నాడు నడక బాగానే మొదలైంది. దారి చూపడానికొచ్చినావిడ పొట్టిగా, గట్టిగా, గొర్రెపిల్లలా గెంతుతూ ముందు నడుస్తోంది. కొండ అంచు ఎక్కాక ఉన్నట్టుండి పొగమంచు కమ్మేసింది. చెయ్యి చాపితే వేళ్లు కనపడలేదు. ఎడమవైపు లోయ.

ఆవిడ ఈల వేసి అందరినీ ఆపి, వచ్చీరాని ఇంగ్లీషులో ఒక పద్ధతి చెప్పింది. వరసగా నడవాలి. ప్రతి ఒక్కరూ తమ వెనకున్న మనిషిని పిలవాలి. ఆ మనిషి పలికితేనే అడుగు వెయ్యాలి. పలక్కపోతే మొత్తం వరస ఆగిపోవాలి. అన్నయ్య దాన్ని తెలుగులో మళ్లీ చెప్పాడు. అన్నయ్య వెనక అత్తయ్య, ఆమె వెనక నాన్న, తర్వాత అమ్మ, తర్వాత మూగనోము. అందరికంటే చివర అతను.

పిలుపులు మొదలయ్యాయి. అన్నయ్య అత్తయ్యను పిలిచాడు. అత్తయ్య, ఒరేయ్ తమ్ముడూ, ఉన్నావా పోయావా అంది. నాన్న మైకులో చెప్పినట్టు అమ్మను పిలిచాడు. అమ్మ కూతుర్ని పిలిచింది.

కూతురు వెనక్కి తిరిగి "ఉన్నారా?" అంది.

"ఉన్నాను."

అలా కొంత దూరం నడిచారు. తర్వాత గాలి లేచింది. మళ్లీ పిలుపులు ఒక్కొక్కటిగా వెనక్కి వచ్చాయి. ఆమె వంతు వచ్చింది.

"ఉన్నారా?"

జవాబు లేదు.

"వినపడుతోందా? ఉన్నారా?"

గాలి తప్ప ఏమీ లేదు. ముందునుంచి అమ్మ, ఏమైందే, కదలమా అని అడుగుతోంది. ఆమె వెనక్కి చూసింది. తెల్లగా, గోడలా ఉంది మంచు. ఇన్ని రోజులూ గోడలతోనే కదా మాట్లాడింది. ఈ గోడ వెనక అతను ఉన్నాడో లేడో తెలీడం లేదు. రాత్రంతా లోపల పేర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. గుండెలో ఉన్నది గుండెలో ఉన్నట్టే గొంతులోకి వచ్చేసింది.

"ఏమండీ!"

ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. కొండ కూడా ఒకసారి వెనక్కి అంది.

"ఆఁ, వస్తున్నా. ఏంటే?" అన్నాడు నాన్న ముందునుంచి.

"నేను కాదు," అంది అమ్మ.

ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. అత్తయ్య కూడా. అత్తయ్య మాట్లాడకపోవడం ఆ ప్రయాణంలో అదే మొదటిసారి.

"ఉన్నానండీ," అని వినపడింది, చాలా దగ్గర్నుంచి. మంచులోంచి ముందు టోపీ, తర్వాత మొహం బయటికొచ్చాయి. బూటు తాడు ఊడితే కట్టుకుంటున్నాడట. 'ఉన్నారా' అన్నది వినపడిందట గాని, ముందున్నవాళ్లను అడుగుతున్నారనుకున్నాడట. ఇదంతా ఎక్కడో చూస్తూ చెప్పాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. చలికేమో.

"పలికాడా?" అని అడిగింది అమ్మ.

"పలికారు," అంది ఆమె.

వరస కదిలింది. అక్కడి నుంచి కింది దాకా ఆమె వంతు వచ్చినప్పుడల్లా అవే మూడక్షరాలు. ఒకసారి అన్నాక రెండోసారి అంత కష్టమనిపించలేదు.

కొండ కింద బస్సులు ఆగే చోట మంచు లేదు. ఎండ కూడా కాస్త ఉంది. పక్కనే చిన్న టీ కొట్టు. అందరూ బల్లల మీద కూలబడి బూట్లు విప్పుకుంటున్నారు. అతను మాత్రం సంచి భుజాన్నే ఉంచుకుని, ఆమె కూర్చున్న బల్ల పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఒకటి అడగనా? బస్సు వచ్చేలోపు తేలాలి."

ఆమె తలెత్తింది. గోడకేసి చూడలేదు.

"రోడ్డు మీద పర్సు పారేసుకున్నవాణ్ణి కూడా ఏమండీ అంటాం. కొట్టువాణ్ణీ అంటాం. మీరు పిలిచింది ఏ ఏమండీ?"

ఆమె బూటు తాడు చుట్టూ వేలు తిప్పింది. అద్దం అరగదీసేటప్పుడు ఒక క్షణం ఉంటుంది. ఒక్క పిసరు ఎక్కువైతే పాడైపోతుంది, తక్కువైతే కనపడదు. అప్పుడు ఊపిరి బిగబట్టాలి. బిగబట్టింది.

"మా అమ్మ పిలిచేది," అంది.

బస్సు వచ్చింది. డ్రైవరు తలుపు తెరిచి కాసేపు చూశాడు. ఎవరూ ఎక్కలేదు. తలుపు మూసుకుని బస్సు వెళ్లిపోయింది. నాన్న ఆ బస్సు కనుమరుగయ్యేదాకా చూసి, బాబూ, మరి నీ పని అన్నాడు. ఇక్కడే పడిందండీ అన్నాడు అతను, సంచి కింద పెడుతూ. అన్నయ్య స్నేహితుణ్ణి ఎగాదిగా చూసి, నీ సంగతి గదిలో చెబుతా అన్నట్టు వేలు చూపించాడు. అత్తయ్య ఏదో అనబోయి తమ్ముడి మొహం చూసి ఆగింది. ఆయన మొహంలో నవ్వు కనిపించాక, నేను వీడికి పెట్టిన పేరు మార్చను, ముందే చెబుతున్నా అంది.

అమ్మ ఒక్కతే ఏమీ అనలేదు. కొట్టులోంచి టీ కప్పులు తెచ్చి ఒక్కొక్కరికీ అందిస్తోంది. మూగనోము కళ్లు అమ్మ వెంటే తిరుగుతున్నాయి. అన్నయ్యే అనుకో అన్న మనిషి అమ్మ. ఇన్నాళ్లూ అతనితో, తిను నాయనా, కూర్చో నాయనా అంటూ కొడుకులా 'నువ్వు' అని మాట్లాడిన మనిషి.

అమ్మ చివరి కప్పు పట్టుకుని అతని ముందు ఆగింది. కొంగు ఒకసారి సర్దుకుంది.

"తీసుకోండి బాబూ," అంది. "మీరు పొద్దున్నుంచీ ఏమీ తినలేదు."

అతను కప్పు అందుకోబోయి, ఆగి, తన వెనక ఎవరున్నారా అని తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.