పెళ్ళిపళ్ళెంలో గులాబీ సెంటు

2003 వేసవిలో ఓ ఉదయం, పలాసలోని డిటెక్టివ్ కూర్మారావు గదిలోకి షైని ఏడుపు దిగమింగుకుంటూ వచ్చింది. తెల్లారితే ఆమె పెళ్ళి.

"సార్, మా అత్తగారిచ్చిన సెంటు సీసా పోయింది. సాయంత్రం ఆవిడొత్తన్నారు. పారేసుకున్నానంటే ఏటనుకుంటారు?"

అసిస్టెంటు ఢిల్లేశ్వరరావుకు నవ్వొచ్చింది. నగలు పోయినవాళ్ళు కూడా ఇంత బెంగపడలేదు. గురువుగారు మాత్రం నవ్వకుండా వివరాలడిగారు.

సెంట్లు రెండట. కాబోయే అత్త ఫ్లోరెన్స్ ఇచ్చింది స్ప్రే. పిన్ని సువార్త కువైట్ నుంచి తెచ్చింది అత్తరు. రెండూ ఘాటైన తియ్యటి గులాబీలే, రెండింటి వెనకా గంధపుచెక్క వాసనే. ఏది పూసుకున్నా రెండోవారు నొచ్చుకుంటారని షైని రెండింటినీ పెళ్ళిపళ్ళెంలో పెట్టి ఎటూ తేల్చుకోలేకపోయింది.

మధ్యాహ్నానికి గురుశిష్యులిద్దరూ ఉద్దానంలోని షైని ఇంటికి చేరారు. దగ్గు ఆగక ఢిల్లేశ్వరరావు టానిక్కు మూత తిప్పాడో లేదో, షైని నాయనమ్మ దయమ్మ ముక్కు మూసుకుంది.

"బయటికెళ్ళి తాగు బాబూ, సారా వాసనొత్తంది. మా మందిరంలో ప్రభు బల్ల ఆరాధనకి కూడా వైను కాదు, ఉత్త ద్రాచ్చరసమే."

అతను సిగ్గుపడి వాకిట్లో తాగొచ్చి, నేరుగా సువార్తను పట్టుకున్నాడు. "మీ అత్తరే పూసుకోవాలని స్ప్రే దాచేశారు కదూ?"

"ఏటి బాబూ ఆ మాట! అది పోతే ముందు నన్నే అనుమానిస్తారని నాకు తెలీదేటి?"

కూర్మారావు అత్తరు వాసన చూసి షైనిని అడిగారు. "స్ప్రే కొట్టగానే మొదట ఏ వాసనొస్తుంది?"

"ఇంజక్షన్ దూది వాసన సార్. అది పోయాకే గులాబీ."

"ఎవరికైనా కొట్టి చూపించావా?"

"నిన్న పిన్నికీ, నాయనమ్మకీ సేతుల మీద కొట్టినాను."

ఫ్లోరెన్స్ రాగానే కూర్మారావు అందరినీ వరండాలో కూర్చోబెట్టారు.

"వాసన మీద ఆశ ఉన్నవాళ్ళు రెండు సీసాలూ తీసేవారు. సువార్తగారు తీస్తే చిక్కుకునేది ఆవిడే, అది ఆవిడకీ తెలుసు. రెండింటికీ ఉన్న పెద్ద తేడా ఒక్కటే. అత్తరు ఉత్త నూనె, స్ప్రేలో స్పిరిట్ ఉంది. ఆ వాసన ఈ ఇంట్లో ఎవరికి గిట్టదో మావాడి దగ్గుమందు చెప్పింది."

దయమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. "నానే తీసినాను. పిల్ల సారా పూసుకుని దేవుడి ముందు నిలబడాలేటి? పారబోద్దామంటే సేతులు రాలేదు, పేమగా ఇచ్చింది కదా. జీడిపిక్కల బస్తాలో దాసినాను."

పెళ్ళి ఎక్కడ చెడుతుందోనని ఢిల్లేశ్వరరావు పెళ్ళికొడుకు తల్లి వైపు చూశాడు.

ఫ్లోరెన్స్ పకపకా నవ్వేసింది. "అయ్యో పెద్దమ్మా! మా ఇంట్లోనూ సారా ముట్టరు. నాను తెలీక కొనీసినాను." అని షైని వైపు తిరిగింది. "ఇంతకీ నీకేది ఇష్టమే?"

"ఏదైనా ఒకటే అత్తమ్మా. మీరు నొచ్చుకోకపోతే సాలు."

ఫ్లోరెన్స్ అత్తరు మూత తీసి, కోడలి రెండు మణికట్లకూ స్వయంగా పూసింది.

"అత్తరు మీ పిన్నిది, పూసిన సెయ్యి నాది. ఇంక నీకు బెంగేటి?"

పొద్దుటి నుంచి దాచుకున్న ఏడుపంతా ఒక్కసారిగా తన్నుకొచ్చి, షైని అత్తగారి భుజం మీద వాలి, ఏడుస్తూనే నవ్వింది.