బొటనవేలి మీద లక్క

లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే వైకుంఠాన్ని మోసం చేయడం ఏ బిచ్చగాడి తరమూ కాదని పేరు. ఆ పేరంటే అతనికి మహా ముచ్చట. నెల కిందట ఒకడు చచ్చినట్టు పడుకుంటే, పక్కవాడు దహనానికని చందాలు అడుగుతున్నాడు. వైకుంఠం కుంపటి మీది లక్క కడ్డీ తెచ్చి వాడి కాలి మీద ఒక్క చుక్క వేశాడు. శవం లేచి చార్మినార్ దాకా పరుగెత్తింది. బజారంతా వారం రోజులు నవ్వుకుంది.

అందుకే ఆ సాయంత్రం, దుప్పటి కప్పిన మొగుడి పక్కన కూర్చుని ఒక ఆడమనిషి ఏడుస్తుంటే అందరూ అతన్నే పిలిచారు.

"వైకుంఠం భాయ్, జర చూడు."

ఆకుపచ్చ లక్క బొటనవేలి మీద పడి సుయ్‌మంది. వేలు కదల్లేదు.

ఆ మాటే చెప్పేస్తే పోయేది. కానీ ఇంతమంది చూస్తున్నారు, తన పేరేం కావాలి?

"కదిలింది! నేను చూసిన," అన్నాడు.

జనం తిట్టుకుంటూ దుప్పటి మీద వేసిన పైసలు ఏరుకుని పోయారు.

ఆమె మాత్రం తిట్టలేదు. ఆమె ముఖం వెలిగిపోయింది. "నిజంగ చూసినవా అన్నా? బతికే ఉన్నడా?" అంటూ శవాన్ని కుదపసాగింది. "లే మైసయ్యా... అన్న చూసిండంట... లే..."

వైకుంఠం అబద్ధమాడానని చెప్పబోయాడు, తన పేరు గుర్తొచ్చి మానుకున్నాడు. దుకాణం మూసేసి ఛత్రినాక దారి పట్టాడు. ఆ పిలుపు గల్లీ గల్లీకీ వెంట వచ్చినట్టే ఉంది. రెండుసార్లు వెనక్కి తిరిగాడు. రెండుసార్లూ సిగ్గు అడ్డొచ్చి ఇంటి వైపే నడిచాడు.

ఇల్లు చేరేసరికి పొద్దు గూకింది. కరెంటు లేదు. భార్య ఆండాలు కందిలి పట్టుకుని గడపలోనే నిలబడి ఉంది.

"ఎవరో వచ్చిండు," గుసగుసగా అంది. "నువ్వే లేపి పంపినవట."

"పేరు...?"

"చెప్పలే. చలి పెడ్తుందంటే దుప్పటి ఇచ్చిన. లోపల పండుకున్నడు."

లోపల లక్క వాసన. దాని కింద, మాడిన చర్మం వాసన. చాప మీద ఎవరో ముసుగుతన్ని పడుకున్నారు. పాదాలు బయటే ఉన్నాయి. బొటనవేలి మీద ఆకుపచ్చ చుక్క... చుట్టూ బొబ్బ లేదు. బతికున్న చర్మమైతే ఈపాటికి బొబ్బ లేచేది.

ఆండాలు చేతిలోని కందిలి అందుకుని దగ్గరికి వంగాడు. కదలొద్దు... కదలొద్దు... దేవుడా, ఇది మోసమే అయితే చాలు...

వేలు కదిలింది.

దుప్పటి కింద నుంచి మెల్లగా వినిపించింది.

"ఇప్పుడు చూసినవా అన్నా?"