చీనీకాయ అచ్చు

"అట్ల కాదు మే, ఇట్లియ్యి" అంటూ శిరీష మళ్లీ అఫ్సానా చేతిలోంచి అచ్చు లాక్కుంది.

అది తెగిపోయిన హవాయి చెప్పు ముక్క. దాని మీద సగానికి కోసిన చీనీకాయ, అదే బత్తాయి, బొమ్మ ఉంది. బడిలో డ్రాయింగ్ సార్ దగ్గరుండి శిరీష చేత చెక్కించారు. ఆ రోజు అఫ్సానాకు జ్వరం. అందుకే ఇప్పుడు శిరీష వాళ్ల వరండాలో నేర్చుకుందామని వచ్చింది. అచ్చు ఆమె చేతిలో నిలిస్తే కదా!

రేపు చర్చిలో కోత పండుగ. కానుకల బుట్ట ఒక్కోదానికి ఒక్కో కార్డు కట్టాలి. "నేను తెస్తా టీచర్" అని శిరీష సండే స్కూల్లో అందరి ముందూ ఒప్పుకుంది.

"రంగు అంత పూస్తారా? గీతలన్నీ పూడిపోయినాయి చూడు."

"నువ్వు ముందే చెప్పింటే కదా."

"చెప్పేదేంది, చూస్తే తెలీదా?"

అఫ్సానా మళ్లీ ఒత్తింది. బొమ్మ ఓ పక్కకు ఒరిగింది. శిరీష తల పట్టుకుంది.

"నీకు నేర్పేదాని కంటే మా మేకకు నేర్పేది మేలు."

అఫ్సానా లేచి చెప్పులేసుకుంది. "అట్లయితే మేకనే పిల్చుకో. కార్డులు తినకుండా చూసుకో."

పోతే పోనీ అనుకుంది శిరీష. స్పాంజితో రంగు అద్దింది, అచ్చు ఒత్తింది, కార్డు తీసి ఆరేందుకు వరండాలో కట్టిన తాడుకు తగిలించింది. చకచకా తాడు నిండిపోయింది. వెనక్కి జరిగి చూసేసరికి ప్రాణం ఉసూరుమంది. ప్రతి కార్డు అంచునా ఆకుపచ్చ బొటనవేలు! తుడిస్తే ఇంకా పులుముకుంది.

వరండా మూలన కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న జ్ఞానమ్మవ్వ తలెత్తింది. "ఏంది పాపా, కాయలు అచ్చేసినావా, వేలిముద్రలేసినావా? రేషన్ అంగట్లో గూడా ఇన్ని ఎయ్యరు."

"ఏం చేసేదవ్వా? రంగు ముట్టుకునేదీ నేనే, కాగితం ముట్టుకునేదీ నేనే."

"ఇంకో చెయ్యి వచ్చింటే తరిమితివి గదా" అని అవ్వ మళ్లీ గింజల్లో పడింది.

మిగిలిన కాగితాలు కొన్నే. అవీ పాడైతే రేపు బుట్టలు బోడిగా పోతాయి. శిరీష సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, ఎదురింటికి వెళ్లింది.

అఫ్సానా గడప మీదే కూర్చుని ఉంది. "ఏం, మేకకు తీరిక లేదా?"

"మేకకున్న బుద్ధి నాకు లేదు. రా మే. నేను కాగితాలు పట్టుకుంటా. అచ్చు నువ్వే ఒత్తు."

అఫ్సానా మూతి తిప్పింది. తర్వాత లేచింది.

"స్పాంజి ఊరికే తాకించు. రుద్దొద్దు" అని చెప్పింది శిరీష. అఫ్సానా తాకించింది. అచ్చు కాగితం మీదికి వంకరగా దిగుతోంది. శిరీష చేయి దానికదే ముందుకు వెళ్లింది. సగంలో ఆపి, ఆ చేతిని తొడ కింద పెట్టుకుని దాని మీదే కూర్చుంది.

"అరచేత్తో నడిమధ్యన ఒత్తు" అంది, అంతే.

చీనీకాయ కాస్త ఒరిగింది. కానీ తొనలన్నీ విడివిడిగా పడ్డాయి. శిరీష ఆ కార్డును అంచులు పట్టి ఎత్తి, తాడు మీద అందరికీ కనబడేచోట తగిలించింది.

"ఇంకోటి?" అంది అఫ్సానా.

శిరీష తెల్ల కాగితం ఆమె ముందుకు జరిపింది.