నాలుగు గంటల గుట్ట

తలుపు తీసి గుమ్మంలోనే ఆగిపోయాను.

స్కానింగ్ సెంటర్ వెనక గదిలో, వేలమంది పేషెంట్ల చిత్రాలు దాచిన సర్వర్ మీద ఎవరో తడి వానకోటు ఆరేశారు. అదీ సరిగ్గా వేడి గాలి బయటికి వచ్చే చోట. పాపం సర్వర్ ఊపిరాడక కుయ్యోమంటోంది.

"ఎవరిదండీ ఇది?" అని కేకేసినంత పని చేశాను.

తెల్లకోటు వేసుకున్న టెక్నీషియన్ ఒకామె తాపీగా లోపలికి వచ్చింది. జడ చివర నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.

"నాదే. ఆరిందా?"

"ఇంకో పది నిమిషాలుంటే సర్వరే ఆరిపోయేది."

"మూడు రోజులుగా ఇక్కడే వేస్తున్నాను. వెచ్చగా బాగుంటుంది."

"నిన్నా మొన్నా మధ్యాహ్నం ఈ మిషన్ దానంతటదే ఆగిపోయిందట. తెలుసా?"

ఆమె ముఖం పాలిపోయింది. కోటు లాక్కుని, "మరి ముందే చెప్పొచ్చుగా," అంది.

"నేను పనిలో చేరి పావుగంటైందండీ."

అలా అయింది మా పరిచయం. ఆ పూటే ఆమెకి వానకోటు అని మనసులో పేరు పెట్టేసుకున్నాను. ఆమె నాకు గ్రాఫుల డాక్టర్ అని పెట్టి, మనసులో దాచుకోకుండా అందరి ముందూ పిలిచింది.

నన్ను పెట్టుకున్నది ఆరు వారాలకే. సెంటర్ నడిపే పెద్దావిడ, డాక్టర్‌గారు, అద్దె సర్వర్లను నమ్మరు. "నా పేషెంట్ల చిత్రాలు నా గోడల మధ్యే ఉండాలి," అంటారు. ఆ మిషన్ ఎంత వేడెక్కుతోందో, డిస్క్ ఎంత నిండిందో నిమిషానికోసారి కొలవాలి. ఆ కొలతలన్నీ ఒకే తెర మీద గీతలుగా కనిపించే డాష్‌బోర్డ్ తయారుచేయాలి. ప్రమాదమనిపిస్తే ఫోన్‌కి అలర్ట్ వెళ్లేలా అమర్చాలి. అన్నీ ఆవిడకి అప్పజెప్పి నా దారి నేను చూసుకోవాలి.

చేసిన తప్పు దిద్దుకుంటానని వానకోటు సాయానికి వచ్చింది. రోజూ నాలుగింటికి, స్కాన్ల మధ్య విరామంలో, రెండు కప్పుల టీతో. ఆ గది అగ్గిపెట్టంత. కుర్చీ ఒక్కటే, ఒకరు కూర్చుంటే ఒకరు నిలబడాలి. దుమ్ము పడకూడదని తలుపు వేసి ఉంచాలి. పైన రేకుల మీద వాన మాత్రం మా మాటలు వినాలన్నట్టు ఒక్కోసారి ఉన్నట్టుండి ఆగేది.

"ఈ ఎర్ర గీత ఏంటి?"

"ప్రాసెసర్ వేడి."

"నీలం?"

"డిస్క్."

"మరి ఈ పచ్చది?"

"గదిలో వేడి. గోడకి సెన్సర్ పెట్టాను. మళ్లీ ఎవరైనా బట్టలారేస్తే పట్టేస్తుంది."

"అంటే నా మీద నిఘా అన్నమాట."

"మీ మీద కాదు, మీ కోటు మీద."

"కోటులో మనిషుంటుందని మర్చిపోయారా?"

అని ఓరగా చూసింది. కీబోర్డు మీద ఏదో టైప్ చేశాను. అదేమిటో ఇప్పటికీ గుర్తులేదు.

మొదట్లో ఐదు నిమిషాలుండేది. తర్వాత పావుగంట. ఐదో వారానికి టీ చల్లారిపోయినా మా మాటలు తెమిలేవి కావు.

ఆరో వారం మంగళవారం ఆమె రాలేదు. జ్వరమన్నారు. నాలుగున్నరకి అలర్టులన్నీ తిరగేశాను. సర్వర్‌కి ఏ రోగమూ లేదు, వచ్చిందల్లా నాకే. ఆ వచ్చిందేమిటో అప్పుడే తెలిసింది. నాకిక మిగిలింది మూడు రోజులు. చెప్పేద్దామని బుధవారం అనుకున్నాను, గురువారం అనుకున్నాను. తీరా ఆమె ఎదురుగా నిలబడితే డిస్క్ గురించి మాట్లాడాను.

శుక్రవారం డాక్టర్‌గారి గదిలో గోడ మీది పెద్ద తెరపై డాష్‌బోర్డ్ పెట్టాను. సాయం చేసింది కాబట్టి వానకోటునీ పిలిచారు. డాక్టర్‌గారు కళ్లజోడు పెట్టుకుని ఎర్ర గీత చూశారు, తలూపారు. నీలం చూశారు, తలూపారు.

"ఈ పచ్చ గీతలో రోజూ నాలుగింటికి గుట్టలా లేస్తోందేం?"

తెర వైపు చూశాను. ఇన్నాళ్లూ ఏ రోజు గీత ఆ రోజే చూశాను. ఆరు వారాలూ పక్కపక్కన పరచడం ఇదే మొదలు. రోజుకో గుట్ట. మొదటి వారం చీమల పుట్టంత, పోనుపోనూ కొండంత.

"సెన్సర్ లోపమండీ," అని నోటికొచ్చిన అబద్ధం ఆడాను. "తీసేస్తాను."

"ఆగు బాబూ. ముప్ఫై ఏళ్లుగా చార్టులు చదివే బతుకుతున్నాను. లోపమైతే ఆదివారమూ రావాలి, రాలేదు. పొద్దున నువ్వొక్కడివే ఉన్నప్పుడు అర డిగ్రీ లేస్తోంది. నాలుగింటికి ఒకటిన్నర. అంటే లోపల ఇంకో మనిషి ఉన్నారు. రోజురోజుకీ ఎక్కువసేపు ఉంటున్నారు." పెన్నుతో తెర మీద తట్టారు. "మొన్న మంగళవారం గుట్ట లేదు. ఆ రోజు సెంటర్ మొత్తంలో సెలవు పెట్టింది ఒక్కరే. నా కూతురు."

కూతురెవరా అని చుట్టూ చూశాను. గదిలో ఉన్నది ముగ్గురమే.

"మీరు... మేడమ్ గారి అమ్మాయా?"

"అందరికీ తెలుసు," అంది వానకోటు తల వంచుకునే. "అడగనిది మీరొక్కరే."

తర్వాత తలెత్తింది. కళ్లలో నీళ్లున్నాయి.

"అది సరే. లోపమన్నారేం? ఆరు వారాలూ లోపమేనా?"

డాక్టర్‌గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఇప్పుడు నోరు విప్పకపోతే ఇక జన్మలో విప్పలేనని తెలిసిపోయింది నాకు.

"సెన్సర్ బాగానే ఉందండీ," అన్నాను. ఎవరితో అన్నానో నాకే తెలియదు. "అబద్ధమాడింది నేను. మీ అమ్మాయి వస్తేనే గది వెచ్చబడుతోంది. రాని రోజు నాకు చేతులాడలేదు. నాకు తనంటే ఇష్టమండీ. మంగళవారమే తెలిసింది."

"మంగళవారమా?" వానకోటు కళ్లు తుడుచుకుంది. "నాకు రెండో వారమే తెలుసు. అసలు నాకు టీ అలవాటే లేదు. రోజూ నా కప్పు చల్లార్చి పారబోస్తున్నాను."

డాక్టర్‌గారు కళ్లజోడు మళ్లీ పెట్టుకుని కూతుర్ని ఎగాదిగా చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"ఇంకో అలర్ట్ పెట్టాలి."

"దేనికండీ?"

"పనిరోజుల్లో నాలుగింటికి ఈ గుట్ట లేవకపోతే నా ఫోన్‌కి మెసేజ్ రావాలి. తప్పెవరిదో నేను కనుక్కుంటాను."

"కానీ నా పని ఇవాళ్టితో అయిపోతుంది కదండీ."

"సోమవారం నుంచి రావద్దని నేనన్నానా?"

ఆ అలర్ట్ ఇప్పటికి రెండుసార్లు మోగింది. ఒకసారి నాకు పన్ను నొప్పి. రెండోసారి, పెళ్లి ఫోటోకి మా ఇద్దరి మధ్య నిలబడి ఉండగా అత్తగారి ఫోన్ టింగుమంది. ఆవిడ తెరచి చదివారు.

"గదిలో ఎవరూ లేరట," అని, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు.