డ అంటే మోతీలాల్ బండి

“డ అంటే?”

“మోతీలాల్ బండి! డుడ్ డుడ్ డుడ్!”

బల్వాడీ పిల్లలంతా గాల్లో హ్యాండిల్ పట్టుకుని, ముగ్గుపిండితో నేల మీద గీసిన పెద్ద ‘డ’ చుట్టూ రయ్యిన తిరిగారు. పక్కగదిలో మూడో తరగతికి ఎక్కాలు చెప్తున్న హరిలాల్ చేతిలో సుద్దముక్క పుటుక్కున విరిగింది.

దమ్మపేట అవతల, అడవి అంచున ఉన్న ఆ తండాలో బడికీ బల్వాడీకీ మధ్య తడికే అడ్డం. ఇటు, వైరా దగ్గరి తండా నుంచి ఉద్యోగం మీద వచ్చిన హరిలాల్ సారు. అటు, ఈ తండా పిల్లే అయిన రూప్లి టీచరు. వచ్చిన కొత్తలోనే అతని మనసు తడిక దూరి అటు వెళ్లిపోయింది. మనిషి మాత్రం ఇంకా దాటలేదు. ఆమె గుమ్మం ముందు నుంచి పోయేటప్పుడల్లా ఉత్తుత్తినే దగ్గుతాడు. ఆమె తలెత్తుతుంది. ఇతను తల దించుకుని వెళ్లిపోతాడు. ఇన్నాళ్ల ప్రేమ అంతే.

ఆమె పాఠమే వింత. ‘అ’ అని అమ్మ బొమ్మ చూపిస్తే లంబాడీ పిల్లలు ‘యాడి’ అంటారు. ఇంట్లో అమ్మను పిలిచేది అలాగే మరి. అందుకని రూప్లి బొమ్మలు మూలన పెట్టి, తండా చప్పుళ్లు పట్టుకుంది. ‘మ’ సోమ్లా మేక. ‘ట’ సీతయ్య గొడ్డలి. ‘గ’ గోరి అవ్వ గురక. చప్పుడు చేస్తూ ఆ అక్షరం మీదకు దూకాలి.

మేకకూ గురకకూ దొరికిన అక్షరం హరిలాల్‌కు దొరకలేదు. అశ్వారావుపేటలో ట్రాక్టర్ల మెకానిక్ మోతీలాల్‌కు మాత్రం దొరికింది! అతను రాజ్‌దూత్ బండి మీద వస్తాడు, పిల్లలకు చప్పుడు వినిపిస్తాడు, రూప్లి పడీపడీ నవ్వుతుంది. ఆ నవ్వు చెవిన పడితే చాలు, హరిలాల్‌కు ఒళ్లు మండిపోతుంది.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. ఇద్దరూ ఒకే చూరు కింద ఇరుక్కున్నారు.

“టీచరూ, మీ అక్షరాలు పెట్రోలు వాసనొస్తున్నయి. జర చూసుకోండ్రి.”

“ఏంది సారూ, గట్ల మాట్లాడుతున్నరు?”

“బండి లేనోళ్లకు మీ బల్వాడీల జాగ లేదా అని.”

“మోతీలాల్ అడగంగనే బండి తెచ్చిండు. మీరు అడగకముందే మూతి ముడుస్తరు.”

అనేసి, కొంగు తల మీద కప్పుకుని వానలోకి ఉరికింది. హరిలాల్ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

శ్రావణంలో తీజ్ వచ్చింది. పెళ్లికాని పిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచే పండగ. అందులో ఒక ఆట ఉంది. ఆడపిల్లలు నానిన శనగల్ని రేగుకొమ్మ ముళ్లకు గుచ్చుతుంటే, బావ వరసైనవాళ్లు కొమ్మ ఊపి అల్లరి పెడతారు. ముల్లు దిగినా పిల్ల చెయ్యి తియ్యకూడదు.

మోతీలాల్ వచ్చి రూప్లి పక్కనే నిలబడ్డాడు. ఇప్పుడు కొమ్మ ఊపుతాడు, రేపు పెద్దలు సంబంధం కలుపుతారు. హరిలాల్ ఇక ఈ ఊళ్లో ఉండలేడు, ట్రాన్స్‌ఫర్ అడిగేస్తాడు. అయినా కాళ్లు కదలవు. ఎంతసేపటికీ మోతీలాల్ చేతులు కట్టుకునే ఉన్నాడు.

“ఏందయ్యా, ఊపవా?” అనేశాడు హరిలాల్, ఉండబట్టలేక.

మోతీలాల్ చెవులు మూసుకున్నాడు. “అరె, ఏం మాట సారూ! మాది ఒక్కటే గోత్రం. ఇది నాకు చెల్లె.”

కొత్త మనిషి కనబడగానే ఏ లంబాడీ అయినా ముందు గోత్రం అడుగుతాడు. కుళ్లులో పడి హరిలాల్ ఆ ఒక్కటే మరిచాడు. అందరూ గొల్లున నవ్వారు.

“నీ గోత్రం నువ్వొచ్చిన్నాడే అడిగిన బిడ్డా,” అంది రూప్లి తల్లి బాలి. “వరస కుదురుతది. ఇంకెప్పుడు ఊపుతవ్?”

హరిలాల్‌కు అలవాటు కొద్దీ దగ్గు వచ్చింది.

“ఖ!” అని అరిచారు బల్వాడీ పిల్లలు. “ఖ అంటే హరిలాల్ సారు! ఖళ్ ఖళ్ ఖళ్!” అందరూ దగ్గుతూ అతని చుట్టూ దూకారు.

రూప్లి ముఖం ఎర్రబడింది.

“నాకూ ఉన్నదా?” అన్నాడతను.

“అన్నిటికన్నా ముందు నేర్పింది అదే. మీరు మీటింగుకు పోయిన్నాడు చెప్పిస్త.”

“నాకెందుకు చెప్పలే?”

“తెలిస్తే దగ్గుడు బంద్ చేస్తరని భయమైంది.”

హరిలాల్ వంగి కొమ్మ పట్టుకున్నాడు. పగులుతుందేమో అన్నట్టు మెల్లగా కదిపాడు.

“గట్ల కాదు,” అంది రూప్లి. “గట్టిగ.”

ఊపాడు. ముల్లు వేలికి దిగింది. ఆమె చెయ్యి తియ్యలేదు.