మట్టిరంగు

అంగారకుడి మీది గాజు గుమ్మటంలో ఆ ఏడాది ఎవరి ఒంటి రంగూ ఎవరికీ కనిపించడం లేదు. పళ్లు తోముకున్నంత మామూలుగా పొద్దున్నే అందరూ కళ్లలో మృత్తికా కటకాలు పెట్టుకుంటున్నారు. కనుపాప మీద అతుక్కునే ఆ పల్చటి లెన్సు చర్మం మీది వెలుతురును వడగట్టి అందరినీ, అద్దంలో తమను కూడా, ఒకే ఎర్రమట్టి రంగులో చూపిస్తుంది.

వాటిని తయారుచేసింది అక్కడి ప్రయోగశాలలోని శాస్త్రవేత్తలు దయామణి, ఖలీల్. ఆదామును దేవుడు మట్టితో చేశాడని బైబిలూ ఖురానూ రెండూ చెబుతాయి. గుమ్మటంలోని వాళ్లు ఈ రెండింటిలో ఏదో ఒకదాన్ని కళ్లకద్దుకునేవాళ్లే. అయినా కెన్యా నర్సు వంజిరు చేత బిడ్డకు సూది వేయించడానికి ఒక్క తల్లీ ఒప్పుకోలేదు. మసీదులోనూ అదే తంతు. భుజానికి భుజం ఆనించి నిలబడాల్సిన నమాజు వరుసలో సూడాన్ మెకానిక్కు పక్కన జాగా వదిలేసేవారు. పాస్టరుగారూ ఇమాముగారూ చెప్పి చెప్పి విసిగిపోయారు. ఇలాగే ఉంటే వంజిరును వచ్చే ఓడలో వెనక్కి పంపేస్తామంది పాలకమండలి.

కటకాలు వచ్చాక ఆమె గది ముందు తల్లులు బారులు తీరారు. ఉద్యోగం నిలిచింది.

ఆ తర్వాత ఫిర్యాదులు మొదలయ్యాయి. మట్టి మరీ ముదురుగా ఉందట, కాస్త తగ్గించాలట. తగ్గించారు. మళ్లీ తగ్గించమన్నారు. ఖలీల్‌కు ఓపిక అయిపోయింది.

"అందరిదీ ఒకటే రంగైనప్పుడు ఏ రంగైతే ఏముందిలే అక్కా. కానిద్దాం," అన్నాడు.

దయామణి సరేనంది. అలసిపోయి ఒప్పుకున్నానని తనకు తాను చెప్పుకుంది. నిజానికి రంగు తగ్గించిన ప్రతిసారీ ఆమె అద్దం ముందు కాసేపు ఎక్కువ నిలబడేది. చిన్నప్పుడు నల్లపిల్ల అనిపించుకున్న ముఖం అలా తేలిపోతుంటే ఆమెకు సంతోషంగా ఉండేది. ఇప్పుడు గుమ్మటంలో అందరి ఒళ్లూ సున్నం కొట్టినట్టున్నాయి.

ఓడ వచ్చిన రోజు వంజిరు ప్రయోగశాలకు వచ్చి ఇంటికి వెళ్లిపోతానంది. దయామణికి మనసు చివుక్కుమంది. అందరూ నీ దగ్గరికే వస్తున్నారు కదా తల్లీ అని నచ్చజెప్పబోయింది.

వంజిరు జవాబును చెవిలోని అనువాద యంత్రం తెలుగులో వినిపించింది. "నిన్న సూది వేశాక ఒక తల్లిని, కటకం తీసి నన్ను ఒక్కసారి చూడమన్నాను. బిడ్డను ఎత్తుకుని వెళ్లిపోయింది. మీరైనా తీసి చూస్తారా డాక్టర్?"

దయామణి కంటి దగ్గరికి చేయి ఎత్తింది. పాలలా తెల్లగా ఉంది చేయి. మోషే నల్లవాళ్లుండే కూషు దేశపు స్త్రీని పెళ్లాడాడని ఆడిపోసుకున్నందుకు అతని అక్క మిర్యాము ఒళ్లంతా కుష్ఠుతో మంచులా తెల్లబడిపోయిందని సండే స్కూలు పిల్లలకు తనే ఎన్నోసార్లు చెప్పింది. అది శిక్ష అని కూడా చెప్పింది. ఆ శిక్షను ఇక్కడ అందరూ అడిగి మరీ వేయించుకున్నారు, తనతో సహా. ఆమెకు సిగ్గేసింది.

కటకం తీస్తే వంజిరు కనిపిస్తుంది. ఎదురుగా ఉన్న అద్దంలో తనూ కనిపిస్తుంది.

"ఇవాళ కళ్లు మంటగా ఉన్నాయమ్మా. రేపు చూద్దాం," అంది.

వంజిరు తలూపి, సామాను సర్దుకోవడానికి వెళ్లింది.